రెండో స్థానం

ఆ ఏడు మే మొదటి వారంలో గార్మెందియా ఆరు స్టాప్‌వాచీలను బిస్కెట్ల డబ్బాలో గుడ్డ పరిచి పెట్టుకుని మా దుకాణానికి వచ్చాడు. మాకు మే అంటే చలి మొదలయ్యే నెల. నది మీంచి గాలి కొడితే తలుపు సందులన్నీ ఈలలు వేస్తాయి. ఆయన లోపలికి వచ్చి, తలుపు వేసి, దానికి వీపు ఆనించి నిలబడి, చిలీ వాళ్ళు అప్పుడే రైలెక్కారని చెప్పాడు. దక్షిణ అమెరికా మొత్తానికి పరుగుపందేలు పెట్టడం అదే మొదటిసారి. మొత్తానికి అని పేరే గాని వచ్చేది వాళ్ళొక్కరే, ఉన్నది మేమొక్కరమే. అయినా పంతొమ్మిది వందల పంతొమ్మిదిలో ఆ నెలంతా మాంటెవీడియో ట్రాముల్లో ఇంకో మాట వినబడలేదు.

గార్మెందియా ఆ పోటీల సంఘానికి కార్యదర్శి. ఆరు వాచీలూ ఒకే తీరున నడిచేలా సరిచూసి పెట్టమన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. వంద మీటర్ల పరుగులో గీత దగ్గర నిలబడి రెండో స్థానం ఎవరిదో చెప్పే బాధ్యత కూడా తీసుకోమని నాన్నని అడిగాడు. మొదటి స్థానానికి వేరే మనుషులు, మూడోదానికి వేరే మనుషులు. రెండోదానికి మా తరఫున నాన్న, వాళ్ళ తరఫున ఒక డాక్టరు.

"మా వాడు పరిగెడుతున్నాడు కదా అందులో," అన్నాడు నాన్న.

"అందుకే మీరు కావాలి దొన్ యుసేబియో. అర నిమిషం తప్పు నడిచే గడియారాన్ని గుమ్మం దాటనివ్వని మనిషి. మీరు చెప్తే ఎవరు కాదంటారు?"

నాన్న కాసేపు ఆలోచించినట్టు గడ్డం రుద్దుకుని సరేనన్నాడు. ఆలోచించలేదని నాకు తెలుసు. ఆయనకి ఆ మాట తేనెలా దిగింది.

నాన్నకి చూపు తగ్గడం మొదలై అప్పటికి రెండేళ్ళు దాటింది. పూర్తి చీకటి కాదు. పాలు కలిపిన నీళ్ళలోంచి చూస్తున్నట్టు ఉంటుందని ఒకసారి చెప్పాడు. మళ్ళీ ఆ సంగతి ఎత్తనివ్వలేదు. స్టేషనులో పనిచేసే ఒక గుమాస్తా ఆపరేషను చేయించుకుని ఉన్న కాస్త చూపూ పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. అందుకని డాక్టరు పేరెత్తితే నాన్న లేచి వెళ్ళిపోయేవాడు. మా దుకాణం అగ్వాదాలో, రైల్వే స్టేషనుకి ఎదురు వీధిలో ఉంది. వచ్చేవాళ్ళంతా గార్డులూ డ్రైవర్లే. నాన్న కౌంటరు దగ్గర నిలబడి, వాళ్ళిచ్చిన గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని, "ఊఁ, గురువారం రండి," అనేవాడు. గురువారంలోగా వెనక గదిలో కూర్చుని నేను దాన్ని బాగుచేసి పెట్టేదాన్ని. చిన్నప్పటి నుంచి ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్న పనే. బోర్డు మీద యుసేబియో జునీనో అని ఆయన పేరు, లోపల నా చేతులు. ఈ సంగతి మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. కనీసం అలా అనుకున్నాం. ఆయన గ్లాసు తన్నేస్తే వయసు మీద పడుతోందని అమ్మ సణిగేది. తమ్ముడు లెయాండ్రో ఇంట్లో ఉండేది తిండికీ నిద్రకే, వాడికేం తెలుస్తుంది.

గార్మెందియా వెళ్ళగానే నేను నాన్నతో అన్నాను, రేపు వెళ్ళి కుదరదని చెప్పమని.

"పది అడుగుల దూరంలో మనిషి వస్తే కనపడడా నాకు?"

"మనిషి కనపడతాడు నాన్నా. ఏ మనిషో కనపడాలి కదా."

ఆయన డబ్బాలోంచి ఒక్కో వాచీ తీసి చెవికి ఆనించుకుంటూ పోయి, నాలుగోది నా వైపు జరిపాడు. దాని స్ప్రింగు అలిసిపోయింది, మార్చమన్నాడు. విప్పి చూస్తే నిజమే. చెవులు అలా పనిచేస్తుంటే కళ్ళ సంగతి ఒప్పుకోవడం ఏ మనిషికైనా కష్టమే, నాకు అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన కోపం తగ్గుతుందా?

లెయాండ్రో స్టేషను గూడ్స్ షెడ్డులో మూటలు ఎత్తే పనిలో ఉండేవాడు. సాయంత్రం పని దిగాక షెడ్డు వెనక పాత పట్టాల పక్కన తిన్నని మట్టిబాటలో పరిగెత్తేవాడు. వంద మీటర్లు నేనే తాడుతో కొలిచాను. తాపీ పనివాడి దగ్గర అడిగి తెచ్చుకున్న చిన్న తాపీతో వాడు కాళ్ళు ఆనించుకోవడానికి రెండు గుంటలు తవ్వుకుని, చేతులు నేలకానించి వంగేవాడు. నేను అవతలి కొసన వాచీ పట్టుకుని చేతిరుమాలు దించేదాన్ని. మార్చిలో పదకొండుమ్ముప్పావు సెకన్లు పట్టేది. ఏప్రిల్ చివరికి పదకొండుంబావుకి వచ్చాడు. పందెంలో మొదటి రెండు స్థానాల్లోకి వచ్చిన మా వాళ్ళని వచ్చే ఏడు చిలీకి తీసుకెళ్తారని క్లబ్బులో అనుకుంటున్నారు. మూడేళ్ళుగా రోజూ రైలు పెట్టెల్లోకి మూటలు ఎక్కిస్తున్నాడు గాని వాడు రైల్లో పోయింది రెండు స్టేషన్ల దూరమే. కొండల్లోంచి పోయే రైలు, మంచు, అవతల ఇంకో సముద్రం అంటూ మాతె కషాయం గొట్టం నోట్లో పెట్టుకునే చెప్పుకుపోయేవాడు.

ఒక సాయంత్రం చెప్పేద్దామనే నోరు తెరిచాను. వాడు అప్పుడే పరుగు ముగించి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నాడు.

"నాన్న గీత దగ్గర నిలబడతాడట కదా," అన్నాడు. "నాకు ధైర్యంగా ఉందక్కా. ఇంకెవడైనా అయితే చిలీ వాళ్ళకి మర్యాద చెయ్యాలని చూస్తాడు. నాన్న ఉన్నది ఉన్నట్టు చెప్తాడు."

నేను నోరు మూసుకున్నాను. చెప్తే వాడు ఆ క్షణమే దుకాణానికి పోయి నలుగురిలో గొడవ చేస్తాడు. రైల్వే వాళ్ళ చెవిన పడితే ఒక్క గడియారం కూడా రాదు. పైగా ఇంకో న్యాయనిర్ణేత ఉన్నాడు, డాక్టరు, ఆయనకి కళ్ళున్నాయి. ఎడం ఎక్కువే ఉంటుంది, అందరికీ కనబడుతుంది. ఇలా నాకు నేను ఎన్ని చెప్పుకున్నానో.

పందెం గురువారం జరగాల్సింది. వాన పడింది. శనివారానికి వేశారు, మళ్ళీ పడింది. రెండుసార్లూ లెయాండ్రో తిండి మానేసి సిద్ధమై, తడిసి ఇంటికొచ్చి, అమ్మ వానకని వేయించిన పిండిరొట్టెలు డజను తిని, తిన్నందుకు మళ్ళీ తనని తాను తిట్టుకున్నాడు. ఆదివారం తెరిపి ఇచ్చింది. ఆకాశం మాత్రం సీసం రంగులోనే ఉంది.

మైదానంలో ఆడవాళ్ళకి నీడపట్టున బల్లలు వేశారు. నేను అక్కడ కూర్చోలేదు. జనాన్ని తోసుకుంటూ తాడు దాకా పోయి, గీతకి సరిగ్గా ఎదురుగా నిలబడ్డాను. బాటకి అవతలి పక్కన నాన్న, పెళ్ళినాటి నల్లకోటు వేసుకుని, కోటుకి సంఘం వాళ్ళ రిబ్బను గుచ్చుకుని ఉన్నాడు. పక్కన పొట్టిగా, మర్యాదగా చిలీ డాక్టరు. పరిగెత్తేవాళ్ళు నలుగురూ తెల్ల చొక్కాలే. మా వాళ్ళకి ఛాతీ మీద లేత నీలం పట్టీ, వాళ్ళకి ఎర్ర పట్టీ. ఆ పట్టీల వెడల్పు నాలుగు వేళ్ళు. అంత సన్నటి తేడా నాన్నకి ఆనదు.

మూడుసార్లు పిస్తోలు పేలకముందే ఎవరో ఒకరు లేచారు. మూడుసార్లూ వెనక్కి రప్పించారు. నాలుగోసారి పేలింది.

మొదటివాడి గురించి తగాదా లేదు. రెండు గజాలు ముందు వచ్చి దారం తెంపుకుపోయాడు. వాడి వెనక లెయాండ్రో, చిలీ వాడు ఒయార్సే భుజం భుజం రాసుకుంటూ వచ్చారు. అరవై మీటర్ల దగ్గర ఒయార్సే ముందున్నాడు. ఎనభై దగ్గర సమానం. గీత దగ్గర లెయాండ్రో ఛాతీ ముందుకు విసిరాడు. జానెడు ఎడం. నేను గీత మీదే నిలబడి ఉన్నాను, నీలం పట్టీ ముందు దాటింది. తలెత్తి నాన్న వైపు చూశాను. ఆయన వాళ్ళ తలల పైకి, ఎక్కడో గాల్లోకి చూస్తున్నాడు.

"నీలం, నాన్నా, నీలం," అని అరిచాను. నా చుట్టూ వందల మంది అదే మాట అరుస్తున్నారు. ఆ హోరులో నా గొంతు ఆయనకెలా తెలుస్తుంది, తెలిసినా నేను చూసి అంటున్నానని ఎలా తెలుస్తుంది?

గార్మెందియా కాగితం పట్టుకుని వచ్చి, రెండోవాడు లెయాండ్రోనా, ఒయార్సేనా అని ముందు డాక్టరుని అడిగాడు. డాక్టరు చేతులెత్తేశాడు. తనకి తేల్చుకోవడం కుదరలేదనీ, తప్పు చెప్పడం కంటే ఆ మాట ఒప్పుకోవడమే మంచిదనీ, గడియారాలు బాగుచేసే కన్ను తన కన్ను కంటే నమ్మదగిందనీ, ఈ పెద్దమనిషి ఏది చెబితే అదే తన మాటనీ అన్నాడు. ఎంత తేలిగ్గా అనేశాడో. అలా అనడం వల్ల ఆయనకి పోయేది ఏమీ లేదు.

నాన్న కోటు మీది రిబ్బను సర్దుకున్నాడు.

"ఒయార్సే," అన్నాడు.

ఎందుకలా అన్నాడో ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ నాకు తోచింది. కొడుకు పేరు చెబితే ఎవరో ఒకరు అడుగుతారు, ఏం చూశావు, ఎంత ఎడం, ఏ భుజం ముందు వచ్చింది అని. కొడుక్కి వ్యతిరేకంగా చెప్పిన తండ్రిని ఎవరూ ఏమీ అడగరు. ఎవరూ అడగలేదు కూడా. ముందు చిలీ వాళ్ళు టోపీలు తీసి చప్పట్లు కొట్టారు, ఆ తర్వాత మా వాళ్ళూ కొట్టారు. లెయాండ్రో తలెత్తి నవ్వాడు. నాన్న హాస్యమాడుతున్నాడని అనుకున్నాడు పాపం.

ఇంటికొచ్చాక వాడు బట్టలు మార్చుకోకుండానే వంటింట్లో నాన్న ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నా మొహం చూసి చెప్పు. ఎవరు ముందు?"

"చెప్పాను కదరా."

"నా మొహం చూడు నాన్నా."

నాన్న మొహం తిప్పాడు గాని, అది వాడి చెవి పక్కనున్న గోడ మీదికి పోయింది. నిజం చెప్పడానికి మొహం చెల్లక చూపు తప్పించాడని లెయాండ్రో అనుకున్నాడు. పదిమందీ నీతిమంతుడని చప్పట్లు కొట్టాలని కన్నకొడుకు స్థానాన్ని తీసి పళ్ళెంలో పెట్టిచ్చావని అన్నాడు. అమ్మ అడ్డం వచ్చింది. తండ్రి న్యాయంగా ఉంటే కొడుకు గర్వపడాలి గాని ఇదేం తీరని తిట్టింది. వాడు రెండు చొక్కాలు సంచిలో కుక్కుకుని, షెడ్డు కూలీలు ఉండే అద్దె గదులకి వెళ్ళిపోయాడు. నేను గుమ్మం పక్కనే ఉన్నాను. నా ముందునుంచే పోతూ, "నువ్వు చూశావు కదక్కా," అన్నాడు. చూశానన్నాను. వాడికి అప్పటికి ఆ మాట చాలింది.

మంగళవారం పేపర్లో నాన్న పేరు వచ్చింది. రక్తబంధం కంటే న్యాయమే మిన్న అనుకున్న చేతిపనివాడు అని రాశారు. అమ్మ దాన్ని కత్తిరించి అద్దం పక్కన అంటించింది. ఆ వారం నుంచి దుకాణానికి జనం వరస కట్టారు. ఇంత నిజాయితీపరుడి చేతికి గడియారం ఇవ్వడమే గౌరవమన్నట్టు ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చారు. నాన్న అందరికీ గురువారం రమ్మనేవాడు. వెనక గదిలో నా బల్ల మీద గడియారాలు కుప్ప పడ్డాయి. పొద్దున కూర్చుంటే సాయంత్రానికి మెడ తిరిగేది కాదు. ఒక అబద్ధం చెప్పి ఆయన మంచివాడైపోయాడు, దానికి చాకిరీ నేను చేస్తున్నాను. ఒకసారి చిన్న మర ఒకటి బల్ల మీంచి జారి నేల సందులో పడితే, దానికోసం మోకాళ్ళ మీద వెతుకుతూ వెతుకుతూ కోపంతో ఏడ్చేశాను. అవతల నాన్న ఎవరితోనో పందెం సంగతి చెబుతున్నాడు. ఛాతీ ఎలా ముందుకొచ్చిందో, తను ఎలా గమనించాడో, వివరంగా.

జూన్ చివరలో అమ్మ ఉతికిన చొక్కాలిచ్చి నన్ను గూడ్స్ షెడ్డుకి పంపింది. వాణ్ణి ఎలాగైనా బతిమాలి తీసుకురమ్మంది. మధ్యాహ్నం తిండి వేళ. లెయాండ్రో ఉన్ని మూటల మీద కూర్చుని రొట్టె తింటున్నాడు. చిక్కిపోయాడు. పరుగు మానేశానన్నాడు. నాన్న వచ్చి పొరపాటు చూశానని ఒక్కమాట అంటే ఆ రోజే ఇంటికి వస్తానన్నాడు.

"పొరపాటు చూడలేదురా," అన్నాను. "అసలు చూడలేదు. నాన్నకి కళ్ళు కనపడవు."

వాడు నమలడం ఆపాడు. ఎప్పటినుంచని అడిగాడు. చెప్పాను. మరి గడియారాలు ఎవరు బాగుచేస్తున్నారన్నాడు. చెప్పాను. మొత్తం చెప్పాను, పెద్ద బరువు దించుతున్నట్టు, వాడు నా చెయ్యి పట్టుకుని అయ్యో అక్కా అంటాడన్నట్టు. వాడు రొట్టె ముక్కని కాగితంలో చుట్టి పక్కన పెట్టాడు.

"అయితే పందెం ముందే నీకు తెలుసు."

"తెలుసు."

"రోజూ సాయంత్రం వాచీ పట్టుకుని నిలబడినప్పుడు కూడా."

"చెప్తే దుకాణం పోయేదిరా. అమ్మ ఏం తింటుంది? నువ్వు గొడవ చేస్తావని..."

"నాన్నకి కళ్ళు లేవు," అన్నాడు వాడు. గొంతు పెంచలేదు. "నీకున్నాయి కదక్కా."

చొక్కాలు అందుకుని షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారమే ఇంటికొచ్చాడు. వచ్చి నాన్న పక్కన కూర్చుని, పులుసులోంచి మాంసం ముక్క తీసి ఆయన పళ్ళెంలో వేసి, చిన్న ముక్కలుగా కోసి, ఫోర్కు ఆయన చేతిలో పెట్టాడు. నాన్న తిన్నాడు. అమ్మ వింతేమీ లేనట్టు ఆయనకి ఇంకో గరిటె పులుసు పోసింది. ఆవిడకి ముందునుంచీ తెలుసునేమోనని నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. నేను రొట్టె అందిస్తే లెయాండ్రో చెయ్యి చాపలేదు. అమ్మ అందుకుని ఇస్తే తీసుకున్నాడు. నాన్నని క్షమించడానికి వాడికి ఒక్క పూట పట్టింది. కనబడనివాడి మీద కోపం ఎంతసేపని నిలుస్తుంది? అదంతా చోటు మారి నా మీదికొచ్చింది.

ఆగస్టులో గార్మెందియా మళ్ళీ వచ్చాడు. వచ్చే పోటీలన్నింటికీ గీత దగ్గర ప్రధాన న్యాయనిర్ణేతగా నాన్నని ఉండమని సంఘం తీర్మానించిందట. అచ్చువేసిన కాగితం తెచ్చాడు, కింద సంతకం చెయ్యాలి. నాన్న వద్దంటాడని చూశాను. నిజంగా చూశాను. ఆయన కోటు సర్దుకుని కలం అడిగాడు.

సంతకాలకి మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఎక్కడ పెట్టాలో అక్కడ నేను కాగితం మీద రూళ్ళకర్ర టక్కున ఆనించేదాన్ని. ఆ చప్పుడు విని, కర్ర అంచుని వేలితో తాకి, దాని వెంబడి నాన్న తిన్నగా సంతకం చేసేవాడు. చూసేవాళ్ళకి శుభ్రత గల మనిషి అనిపించేది. ఆ రోజు నాన్న కలం ముంచి, చెయ్యి గాల్లో పెట్టుకుని ఆగాడు. చప్పుడు కోసం ఆగాడు. రూళ్ళకర్ర నా చేతిలోనే ఉంది. నేను కదల్లేదు.

చాలాసేపే ఆగాడనుకుంటాను. స్టేషనులో ఏదో రైలు కూత పెట్టింది. చివరికి నాన్న చెయ్యి దించి, అచ్చు అక్షరాల మీదుగా, ఏటవాలుగా తన పేరంతా రాశాడు. చివరి అక్షరం కాగితం దాటి బల్ల మీదికి పోయింది.

గార్మెందియా కాగితం చూశాడు. నాన్న కళ్ళలోకి చూశాడు, తర్వాత నన్ను చూశాడు. సిరా ఆరేదాకా కూర్చుని, కాగితం మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళొస్తానని టోపీ తాకాడు. మళ్ళీ రాలేదు. ఆ కాగితం ఎక్కడికీ చేరలేదు. ఆయన ఎవరితోనూ ఏమీ అనలేదు, పందెం ఫలితం గురించి కూడా అనలేదు. అంటే సంఘం పరువు పోతుంది, చిలీ వాళ్ళ ముందు దేశం పరువు పోతుంది. నేను చేసిన ఆ ఒక్క పని వల్ల నా తమ్ముడికి వెంట్రుకవాసి మేలు కూడా జరగలేదు.

తలుపు మూసుకున్నాక నాన్న బల్ల మీద సిరా మరకని బొటనవేలితో తడుముతూ, "రూళ్ళకర్ర ఎక్కడ పెట్టావే?" అన్నాడు.

"నా చేతిలోనే ఉంది నాన్నా."

ఆయన చాలాసేపు వేలు తీయలేదు. తర్వాత, వెనక గదిలో నాకు వెలుతురు చాలదనీ, రేపు బల్లని దుకాణం ముందు కిటికీ దగ్గరికి జరుపుకోమనీ చెప్పి లోపలికి వెళ్ళి పడుకున్నాడు.

జరుపుకున్నాను. కిటికీ గాజు వెనక భూతద్దం పెట్టుకుని కూర్చున్న ఆడదాన్ని చూడటానికి కొన్నాళ్ళు జనం ఆగేవాళ్ళు. రైల్వే వాళ్ళలో సగం మంది గడియారాలు ఇంకోచోటికి పట్టుకుపోయారు, సగం మంది ఉన్నారు. లెయాండ్రో పనికి పోయేది మా వీధిలోంచే. అవతలి పక్కనుంచి వేగంగా నడిచిపోయేవాడు. నేను భూతద్దం తీసి తలెత్తేలోపల మలుపు తిరిగిపోయేవాడు. మరుసటి ఏడు చిలీ వెళ్ళే జట్టు ఎక్కిన రైలుకి వాడు మూటలు ఎక్కించాడని అమ్మ చెప్పింది.

సంఘం పుస్తకంలో ఇప్పటికీ రెండు ఒయార్సే, మూడు జునీనో అనే ఉంటుంది. గీతకి ఎదురుగా నిలబడి చూసినదాన్ని నేనొక్కదాన్నే. జానెడు ఎడం. ఎవరైనా అడుగుతారని ఇన్నేళ్ళూ కనిపెట్టుకుని ఉన్నాను.